రెండో సగంలో ముప్ఫై ఒకటి

ఓవెన్ డ్రిస్కల్ ఇన్సూరెన్సు కంపెనీ తరపున ఇళ్ళకు వెళ్ళి నష్టాలు చూసి వచ్చే మనిషి. పైకప్పు వడగళ్ళకు పగిలిందా, ఇంటాయన సుత్తికి పగిలిందా అన్నది నిచ్చెన మూడో మెట్టు ఎక్కేసరికే చెప్పేస్తాడని బాల్టిమోర్ ఉత్తరపు శివార్లలో అతనికి పేరు. ఇరవై రెండేళ్ళుగా ఇతరుల అబద్ధాలు పట్టుకోవడమే పని కాబట్టి, తను మాత్రం అబద్ధం ఆడలేనని గట్టి నమ్మకం పెట్టుకున్నాడు. ఆ నమ్మకం కాస్తా ఒక ఆదివారం సాయంత్రం, గిన్నెలు తుడిచే గుడ్డ భుజాన వేసుకుని నిలబడి ఉండగా, నాలుగు నిమిషాల్లో ఊడిపోయింది.

ఫోన్ చేసింది ట్రెంట్. చివర వల కట్టిన కర్రలతో బంతి విసురుకునే లాక్రాస్ ఆటను ఓవెన్ కూతురు మేవ్ ఆడే హెరాన్ క్లబ్బుకు అతను కోచ్.

"నిలబడి ఉన్నావా? అయితే కూర్చో," అన్నాడు ట్రెంట్. "ఎల్డన్ కాలేజీ కోచ్ వీలన్ ఇప్పుడే నాతో మాట్లాడింది. మీ అమ్మాయి కావాలంటోందయ్యా!"

ఓవెన్ కూర్చున్నాడు.

"బుధవారం సాయంత్రం నాలుగుంబావుకి మేవ్ ఆవిడకి ఫోన్ చెయ్యాలి. పిల్లే చెయ్యాలి, గుర్తుపెట్టుకో. ఈ వయసు పిల్లలకి ఆవిడ చెయ్యకూడదు, మిస్డ్ కాల్ చూసి తిరిగి చెయ్యకూడదు కూడా. రూలు. మోగితే ఎత్తొచ్చు, అంతే. నాలుగుంబావుకి మోగలేదనుకో, లిస్టులో తర్వాతి పిల్ల దగ్గరికి వెళ్ళిపోతుంది. అప్పుడు నా దగ్గరికొచ్చి ఏడవద్దు."

మేవ్ తొమ్మిదో తరగతి. పద్నాలుగేళ్ళ పిల్ల. రేపు బడికి ఏ చొక్కా వేసుకోవాలో తేల్చుకోవడానికి పొద్దున్నే అరగంట పడుతుంది. నాలుగేళ్ళ తర్వాత ఏ కాలేజీలో చదువుతుందో మాత్రం బుధవారానికల్లా చెప్పేయాలి. ఇందులో ఎవరికీ వింత కనిపించదు. ఆ వీధిలోనే మరో ఇద్దరు పిల్లలు పళ్ళకు తీగలు తీయకముందే కాలేజీలకు మాటిచ్చేశారు. ఎల్డన్ అయితే చెప్పనే అక్కర్లేదు. చదువు మీద దరఖాస్తు పెట్టుకున్న వాళ్ళలో వందకు ఆరుగురిని కూడా తీసుకోని చోటు. ఆట మీద వెళ్ళే దారి ఒక్కటే కాస్త వెడల్పు. అదీ గోల్ కాసే పిల్లలకు ఇరుకే. దాడి చేసేవాళ్ళను ఏడాదికి అయిదారుగురిని తీసుకుంటారు, గోలీని మాత్రం ఒక్కరినే.

"ఏ మ్యాచ్ చూసిందట?" అన్నాడు ఓవెన్.

"శనివారం మొదటిది. ఆ వానలో! సగం ఆట అయ్యాక వచ్చిందట. ముప్ఫై ఒకటో నంబరు మూడు ఫ్రీ షాట్లు వరసగా ఆపిందంది. వరసగా మూడు! టోర్నమెంటు పుస్తకం తీసి చూస్తే ముప్ఫై ఒకటి, మేవ్ డ్రిస్కల్. నేనేమో అవతలి గ్రౌండులో పెద్దపిల్లల దగ్గర చచ్చాను. నువ్వున్నావుగా అక్కడ? నిజంగా అంత బాగా ఆడిందా?"

ఓవెన్ అక్కడే ఉన్నాడు. అక్కడ ఉండటమేమిటి, గొడుగు పట్టింది అతనే.

ఆ జట్టుకు గోలీలు ఇద్దరు, మేవ్, అందరూ కాలీ అని పిలిచే కాలిస్టా పాపాస్. ఒకరు మొదటి సగం కాస్తే ఇంకొకరు రెండో సగం కాస్తారు. ఆ శనివారం కాలీ తన జెర్సీని ఇంట్లో డ్రయర్లోనే మరిచిపోయి వచ్చింది. బెంచి దగ్గర చూసుకుంటున్నది ట్రెంట్ పంపిన ఒక కాలేజీ పిల్ల, దానికి చలికి ముక్కు కారడం తప్ప వేరే ధ్యాస లేదు. సగం ఆట కాగానే మేవ్ తన తడి జెర్సీ విప్పి కాలీకి ఇచ్చింది. ఆడపిల్లలు కదా, చాటుగా మార్చుకోవాలని ఓవెన్ గొడుగు అడ్డం పెట్టాడు. ప్యాడ్ల మీద జెర్సీ దిగక ఇద్దరూ ఒకటే నవ్వు. రెఫరీ కూడా ఏమీ అనలేదు. నెత్తిన హెల్మెట్, ముఖానికి ఇనప చువ్వలు, ఒంటినిండా ప్యాడ్లు, ఇద్దరూ ఇంచుమించు ఒకే ఎత్తు. సరిగ్గా అప్పుడే ముదురెరుపు జాకెట్టు వేసుకున్న ఒకావిడ మడత కుర్చీ తెచ్చుకుని గీత పక్కన వేసుకుంది. ఓవెన్ ఆమెనూ చూశాడు, జాకెట్టు మీది ఎల్డన్ పేరూ చూశాడు, ఇంకాస్త ముందు వచ్చి ఉంటే బాగుండును కదా అనుకున్నాడు. మళ్ళీ, రాకపోవడమే నయం అనుకున్నాడు. మొదటి సగంలో మేవ్ ఆపలేక నాలుగు గోల్స్ ఇచ్చింది.

మూడు ఫ్రీ షాట్లు ఆపింది కాలీ.

"ఓవెన్? ఉన్నావా?"

"ఆఁ. వాన బాగా పడింది," అన్నాడు ఓవెన్.

"అదే అంటున్నా! ఆ వానలో మూడు!" ట్రెంట్ ఆనందం పట్టలేకపోతున్నాడు. "ఎవరికీ చెప్పకండి. ముఖ్యంగా కాలీ వాళ్ళకి. బుధవారం అయ్యాక నేనే మెల్లిగా చెప్తాను."

ఫోన్ పెట్టేశాక ఓవెన్ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ట్రెంట్ గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు, మధ్యలో చెప్పే సందు ఇవ్వలేదు, రేపు పొద్దున ఫోన్ చేసి చెప్పొచ్చు. ఇలాంటి సర్దుబాట్లు ఇంకొకరి నోట వింటే అతను జేబులోంచి పెన్ను తీసేవాడు. సందు ఇవ్వలేదట! "బాగా ఆడిందా" అని అడిగి మరీ ఆగాడు ఆ మనిషి.

మేవ్ మేడ మీంచి దిగి వచ్చింది. తడి జుట్టు, చేతిలో సగం తిన్న అరటిపండు.

"ఎవరు నాన్నా?"

చెప్పాడు. ఎల్డన్ అన్న మాట వినగానే పిల్ల అరటిపండును బల్ల మీద పెట్టి రెండు చేతులతో నోరు మూసుకుంది. అలా ఆమె సంతోషపడటం చూసి చాలా రోజులైంది. ఓవెన్ కూడా నవ్వాడు.

"ఏ మ్యాచ్ చూసింది?"

"శనివారం మొదటిది."

చేతులు దిగాయి. "అందులో నాలుగు ఇచ్చాను కదా."

"ఆవిడకి నచ్చావు మరి. వాళ్ళు చూసేది గోల్స్ కాదు, నిలబడే తీరు."

"మొత్తం చూసిందా?"

"ట్రెంట్ అంత వివరంగా చెప్పలేదు."

నిచ్చెన మూడో మెట్టు మీది మనిషి ఆడిన మొదటి అసలైన అబద్ధం ఇదే. నోట్లోంచి చాలా సులువుగా వచ్చింది. మేవ్ అతని ముఖంలోకి చూసింది, అరటిపండు తీసుకుంది, తినకుండానే మేడ మీదకు వెళ్ళిపోయింది.

సోమవారం అతను ట్రెంట్‌కు ఫోన్ చేయలేదు. చేద్దామనే అనుకున్నాడు. మధ్యాహ్నం ఒక ముసలామె ఇంట్లో నేలమాళిగలోకి నీళ్ళు వస్తే చూడ్డానికి వెళ్ళి, కారులో కూర్చుని, ట్రెంట్ నంబరు దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఏం చెప్పాలి? తప్పు మనది కాదు కదా. జెర్సీ మరిచిపోయింది కాలీ. నంబరు చూసి రాసుకున్నది వాళ్ళ కోచ్. మేవ్ అడిగిందా ఏమైనా? పైగా ఇద్దరిలో ఎవరు గొప్ప అంటే ఎవరు చెప్పగలరు, ఇంకో శనివారం అయితే మేవ్ ఆపి ఉండేదేమో. ఆరేళ్ళుగా తెల్లవారుజామున లేచి గ్రౌండుకు తీసుకెళ్ళింది ఎవరు, ఆమె విసిరే బంతులకు మోచేతులు వాచింది ఎవరికి? ఇలా ఓ పావుగంట వాదించుకుని, తనే గెలిచి, లోపలికి వెళ్ళాడు. ముసలామె చెప్పిన ప్రతి మాటనూ ఆ రోజు అనుమానించాడు పాపం. ఆవిడ చెప్పినవన్నీ నిజాలే.

ఇంటికి వచ్చేసరికి భార్య లొరెయిన్ ముదురెరుపు స్వెట్‌షర్టు ఒకటి కొని తెచ్చింది. ఆమె ఆస్పత్రిలో నర్సు. ఆ శనివారం డ్యూటీలో ఉంది, మ్యాచ్‌కు రాలేదు.

"మాట అయిపోయాక దీంతో ఫోటో తీయాలి," అంది. "మా అక్క కూతురి కాలేజీ ఫోటో మూడేళ్ళుగా చూసి చచ్చాను. ఇప్పుడు మా అక్క నా కూతురి ఫోటో చూసి చస్తుంది."

"ఇంకా అవలేదుగా."

"నీ నోట్లో ఒక్క శుభం మాట రాదు కదా, ఓవెన్!"

ఆమెతోనైనా చెప్పి ఉండాల్సింది. లొరెయిన్ అయితే ఒక్క క్షణం ఆలోచించేది కాదు, ఫోన్ లాక్కుని ట్రెంట్‌కు చెప్పేసేది. అది తెలుసు కాబట్టే చెప్పలేదు.

మంగళవారం ప్రాక్టీసుకు పిల్లలిద్దరినీ తీసుకెళ్ళే వంతు ఓవెన్‌ది. ప్రాక్టీసు అయిపోయే వేళకు అతను కారులో కూర్చుని కంచెలోంచి చూస్తున్నాడు. ట్రెంట్ మేవ్‌ను పక్కకు పిలిచాడు. ఏదో చెప్తున్నాడు, గాలిలో చేతులు ఊపుతున్నాడు. ఆఖర్న మూడు వేళ్ళు ఎత్తి చూపించాడు.

మేవ్ కదల్లేదు. ట్రెంట్ ఆమె హెల్మెట్ మీద తట్టి వెళ్ళిపోయినా అక్కడే నిలబడి ఉంది. నీళ్ళ డబ్బా దగ్గర కాలీ ఇంకో పిల్ల మెడలో ఐసు ముక్క వేసి కిలకిలా నవ్వుతోంది. మేవ్ ఆమె వైపు చూసింది. తర్వాత తల తిప్పి కారు వైపు చూసింది, అద్దంలోంచి సూటిగా తండ్రినే.

తెలిసిపోయింది. పిల్లకు తెలిసింది, తనకు తెలుసన్న సంగతీ పిల్లకు తెలుసు. గొడుగు పట్టిన మనిషి ఏమీ చూడలేదంటే ఎవరు నమ్ముతారు? ఓవెన్ సీటులో సర్దుకుని కూర్చున్నాడు. ఇప్పుడు వచ్చి అడుగుతుంది అనుకున్నాడు. అడిగితే చెప్పేస్తాను అనుకున్నాడు. నిజానికి అతనికి భలే ఊరట కలిగింది. భారం పిల్ల మీద పడింది కదా, ఇక నిజం చెప్పేదేదో ఆమే చెప్తుంది. మంచి పిల్ల. తప్పకుండా చెప్తుంది. తను పెంచిన పిల్ల.

ఇద్దరూ వచ్చి ఎక్కారు. కాలీ వెనక సీటంతా తనదే అన్నట్టు కాళ్ళు చాపుకుంది.

"మిస్టర్ డీ, ఈ కారులో ఎప్పుడూ ఏదో చచ్చిన వాసన వస్తుందేంటి?"

"అది మీ ప్యాడ్ల వాసనే తల్లీ."

"నావి కాదు బాబూ. నావి మా అమ్మ వారానికోసారి వెనిగర్‌లో ఉతుకుతుంది. ఇది మేవ్ కంపే." ముందుకు వంగి మేవ్ జడ లాగింది. "ఏంటే, ఇవాళ నోరు పడిపోయిందా? ట్రెంట్ ఏం తిట్టాడు?"

"తిట్టలేదు."

"మరి మూడు వేళ్ళు చూపించాడుగా. మూడు రౌండ్లు అదనంగా పరిగెత్తమన్నాడా?"

మేవ్ కిటికీలోంచి బయటకు చూస్తోంది. "అలాంటిదే," అంది.

"మిస్టర్ డీ, శనివారం ఎల్డన్ కోచ్ వచ్చిందట, నిజమేనా? మా అమ్మ ఎక్కడో విని వచ్చి ఒకటే గొడవ. నేనైతే పక్కకి చూడనే చూడను, చూస్తే చేతులు వణుకుతాయి."

"చాలామందే వచ్చారు," అన్నాడు ఓవెన్. "వానలో ఎవరెవరో ఎక్కడ తెలుస్తుంది."

"నన్ను చూసి ఉండదులే. చూసినా, నాకు ఆ రోజు నంబరే లేదు!" కాలీ ఆ మాటకు తనే నవ్వుకుంది. "అయినా తీసుకునేది ఒక్కదాన్నేగా. నిన్ను తీసుకుంటే మేవ్, నీ కాళ్ళ ప్యాడ్లు దొంగిలించి నదిలో పారేస్తా. తర్వాత మీ ఇంటికొచ్చి కేకు తింటా."

మేవ్ నవ్వింది. నవ్వు మరీ గట్టిగా వచ్చింది. కాలీ కూడా ఆశ్చర్యపోయి చూసింది.

పాపాస్ వాళ్ళ ఇంటి ముందు ఆపితే, కాలీ తల్లి చెప్పుల్లేకుండానే పరిగెత్తుకుంటూ వచ్చి, పాలకూరా చీజ్ పెట్టి కాల్చిన వేడి వేడి ముక్కల పళ్ళెం కారు కిటికీలోంచి ఇచ్చింది. వారం వారం పిల్లను తీసుకెళ్తున్నందుకు అట. ఓవెన్ వద్దనబోయాడు. వద్దంటే ఆవిడ ఊరుకునే రకం కాదు.

ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని మేవ్ ఇల్లు చేరేదాకా కూర్చుంది. మధ్యలో ఒక్కసారి, "నాన్నా," అంది.

"ఊఁ?"

అతను చూపు రోడ్డు మీంచి తిప్పలేదు. వాన లేదు ఏమీ లేదు, వైపర్లు మాత్రం వేశాడు. పొడి అద్దం మీద అవి కీచుమన్నాయి.

"ఏం లేదు," అంది పిల్ల.

ఏం లేదట! చెయ్యి తిరిగిన పరిశీలకుడు, ఎదుటి మనిషి రెప్ప కొట్టే తీరును బట్టి లోపలిదంతా లాగేసేవాడు, కన్నకూతురు "ఏం లేదు" అంటే సరేనని ఊరుకున్నాడు. అలా ఊరుకోవడమే తప్పని అతనికి తెలియకపోలేదు. ఇంకా ఒక రోజు ఉంది కదా అనుకున్నాడు.

బుధవారం లొరెయిన్‌కు సాయంత్రం డ్యూటీ. వెళ్తూ వెళ్తూ పిల్ల నుదుటి మీద ముద్దుపెట్టి, అయిన వెంటనే మెసేజ్ పెట్టమని నాలుగుసార్లు చెప్పి వెళ్ళింది. ఓవెన్ మూడింటికే పని మానుకుని వచ్చాడు. మేవ్ బడి నుంచి వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. ముందర ట్రెంట్ ఇచ్చిన కాగితం ఉంది. కోచ్ ఏం అడగొచ్చు, ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు. పక్కనే ఫోన్.

నాలుగూ అయిదు.

"నువ్వు ఇక్కడే ఉంటావా?" అంది మేవ్.

"ఉండమంటావా?"

"ఉండు."

ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె కాగితం చదవడం లేదు. అతన్నే చూస్తోంది. చిన్నప్పుడు బంతి తగిలి పడిపోయినప్పుడు, ఏడవాలా వద్దా అని ముందు తండ్రి ముఖం చూసేది. ఇప్పుడూ అలాగే చూస్తోంది. ఓవెన్ బల్ల మీది గీతలు లెక్కపెట్టాడు.

"నాకేమైనా చెప్పాలా నాన్నా?"

"గొంతు సర్దుకుని మాట్లాడు," అన్నాడు. "'ఆఁ ఆఁ' అనకు. 'అవును కోచ్' అను."

"అంతేనా?"

"నిదానంగా మాట్లాడు."

నాలుగూ పద్నాలుగు. మేవ్ ఫోన్ తీసుకుంది. వేలు నంబరు మీద ఆగింది, ఒకసారి ఊపిరి పీల్చుకుంది, నొక్కింది. స్పీకరు పెట్టి బల్ల మీద ఇద్దరి మధ్యా ఉంచింది. రెండు రింగులకే అవతల ఎత్తారు.

"మేవ్! సరిగ్గా టైముకి చేశావు. గోలీ అంటే అలా ఉండాలి." వీలన్ గొంతు బొంగురుగా, సరదాగా ఉంది. భయపడాల్సిన మనిషిలా లేదు. అదే ఇంకా కష్టం. చదువు ఎలా ఉందని అడిగింది, లెక్కలంటే ఇష్టమా అని అడిగింది, కుక్క ఉందా అని అడిగింది. మేవ్ అన్నిటికీ "అవును కోచ్", "లేదు కోచ్" అంటూ చక్కగా చెప్పింది.

"సరే, ఇప్పుడు అసలు సంగతి. శనివారం ఆ రెండో ఫ్రీ షాటు ఉంది చూడు, దాని గురించి నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆ అమ్మాయి పైకి కొడుతుందని నేనూ అనుకున్నాను, పక్కన కూర్చున్న ఇద్దరు కోచ్‌లూ అనుకున్నారు. నువ్వు ముందే కిందకి దిగిపోయావు. ఎలా తెలిసింది నీకు?"

బల్ల మీద ఫోన్ తెర వెలుగుతోంది. మేవ్ నోరు తెరిచింది, మూసింది. చెప్పేస్తుంది అనుకున్నాడు ఓవెన్. చెప్పు తల్లీ, చెప్పేయ్. కానీ మేవ్ మరోసారి తండ్రి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏం కనిపించిందో, ఏం కనిపించలేదో, తల దించుకుంది.

"కొట్టే ముందు ఆ అమ్మాయి ఎడమ భుజం దించింది, కోచ్," అంది. "మొదటిసారి కొట్టినప్పుడు కూడా దించింది. పైకి కొట్టేవాళ్ళు భుజం దించరు. అందుకని నేను కర్ర చూడలేదు, భుజమే చూశాను."

ఒక్క తడబాటు లేదు. ఒక్క "ఆఁ" లేదు. ఈ మాటలు శనివారం సాయంత్రం కారు వెనక సీట్లో, నోటినిండా ఆలూ వేపుడుతో, చెయ్యి అడ్డంగా ఊపుతూ కాలీ చెప్పినవి. అక్షరం పొల్లు పోలేదు.

"అబ్బ!" అంది వీలన్. "పద్నాలుగేళ్ళకి! సరే మేవ్, నేను దాచుకునే మనిషిని కాదు. మీ ఏడాదికి నాకు ఒక్క గోలీ కావాలి, అది నువ్వు. మార్కులు నిలబెట్టుకోవాలి, అది నీ పని. ఇప్పుడు కాగితాలేవీ ఉండవు, నీకు తెలుసు. నీ మాట నాకు, నా మాట నీకు. ఏమంటావు?"

"వస్తాను కోచ్," అంది మేవ్. "ఎల్డన్‌కే వస్తాను."

"భేష్! నాన్నగారున్నారా పక్కన?"

"ఉన్నాను," అన్నాడు ఓవెన్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"అభినందనలు! శనివారం మీరూ ఉన్నారటగా ఆ వానలో? ఆ రెండో సగం చూస్తుంటే తండ్రికి ఎలా ఉంటుందో నాకు చెప్పండి."

ఓవెన్ ఎదురుగా ఉన్న కూతుర్ని చూశాడు. ఏడుపు లేదు, సిగ్గు లేదు, భుజాలు నిటారుగా ఉన్నాయి. ఇరవై రెండేళ్ళలో ఎన్ని అబద్ధాలు విన్నాడో, ఇంత శుభ్రమైనది వినలేదు. పని మీద వెళ్ళిన చోట ఇది విని ఉంటే మారు మాట్లాడకుండా సంతకం పెట్టి వచ్చేవాడు. అతనికి ఒళ్ళు జలదరించింది. ధర్మం గుర్తొచ్చి కాదు. భయం వేసింది, అంతే. భయం వేసిన మనిషి కళ్ళు మూసుకుని దూకినట్టు దూకేశాడు.

"అది మా అమ్మాయి కాదండీ."

"ఏంటి?"

"రెండో సగం కాసింది మా అమ్మాయి కాదు. ఇంకో గోలీ. జెర్సీ మరిచిపోతే మా అమ్మాయిది వేసుకుంది. మీరు వచ్చేసరికి మార్చుకున్నారు. నేనే గొడుగు పట్టాను."

మేవ్ తండ్రి వైపు చూసింది. ముఖంలో రక్తం చుక్క లేదు. ఫోన్లో ఎక్కడో తలుపు మూసుకున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

"ఆ అమ్మాయి పేరు?"

"కాలిస్టా పాపాస్."

కాగితం మీద రాస్తున్న చప్పుడు. "ఇప్పుడు నాతో మాట్లాడింది మాత్రం మీ అమ్మాయే?"

"అవునండీ."

"భుజం సంగతి చెప్పింది కూడా."

వీలన్ జవాబు కోసం ఆగలేదు. గొంతులో సరదా పోయింది, కోపమూ లేదు. పని చేసుకునే మనిషి గొంతు అది. "కాలిస్టాని రేపు ఇదే టైముకి నాకు ఫోన్ చెయ్యమనండి. నేను చెయ్యకూడదు. ఉంటాను మిస్టర్ డ్రిస్కల్." మేవ్‌కు ఉంటానని చెప్పలేదు.

తెర ఆరిపోయింది. ఓవెన్ కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు. ఆదివారం నుంచి గుండెల మీద ఉన్న బండ దిగిపోయినట్టుంది. ఏదో మంచి పని చేసిన వాడిలా బల్ల మీదుగా చెయ్యి చాపి కూతురి చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి లాక్కుంది.

"నీకు ఆదివారమే తెలుసు."

"మేవ్, చూడు..."

"తెలుసు. ట్రెంట్ నీకు చెప్పాడు. నిన్న కారులో 'నాన్నా' అని పిలిస్తే వైపర్లు వేశావు. ఇందాక అడిగాను, ఏమైనా చెప్పాలా అని. నిదానంగా మాట్లాడమన్నావు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి కొంచెం బాగుండేది. "నాలుగూ పద్నాలుగు దాకా నీ ముఖమే చూశాను నాన్నా. నువ్వు వద్దంటావని."

"నువ్వే చెప్తావనుకున్నాను."

"నాకు పద్నాలుగేళ్ళు!" ఆ మాట మాత్రం అరిచింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. "ఆదివారం చెప్పి ఉంటే నాకు సీటు వచ్చేది కాదు, అంతే. ఏడ్చి ఊరుకునేదాన్ని. నన్ను అబద్ధం ఆడనిచ్చి, పూర్తిగా ఆడనిచ్చి, ఆ తర్వాత నువ్వు నిజం చెప్పావు. ఇప్పుడు నువ్వు నిజాయితీపరుడివి. నేను దొంగని."

ఓవెన్‌కు కాదనడానికి అందులో ఒక్క ముక్క దొరకలేదు. ఏదో ఒకటి చేయాలి కాబట్టి, బల్ల మీది ఫోన్ వైపు చెయ్యి చాపాడు. "కాలీ వాళ్ళమ్మకి నేను చెప్తాను," అన్నాడు.

మేవ్ ఫోన్ ముందే తీసుకుంది.

"నువ్వొద్దు."

కుర్చీ వెనక్కి నెట్టి లేచి, కిటికీ దగ్గరకు వెళ్ళి, అతనికి వీపు పెట్టి నిలబడింది. స్పీకరు పెట్టలేదు. అవతల కాలీ ఎత్తి ఏదో వేళాకోళం ఆడినట్టుంది, మేవ్ ఆగమంది. ముందు నంబరు చెప్పి రాసుకోమంది, రేపు నాలుగుంబావు అని రెండుసార్లు చెప్పింది. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, కోచ్‌తో తను చెప్పిన భుజం సంగతి మొదలుపెట్టింది.